సోమవారం నుంచి శనివారం వరకు

టీవీ ఆరిపోయింది.

పుష్పావతి చేయి మౌసు మీదే ఉండిపోయింది. చీర కొంగు డిజైనులో వరసగా నడిచే ఏనుగుల్లో ఎనిమిదోదాని తొండం నింపుతూ ఉంది. ఇంకో నలభై గళ్ళు నింపితే తొండం వంపు తిరిగేది. కంప్యూటరుకు తగిలించిన ఆ నలభై మూడు అంగుళాల టీవీ తెర మీద ఇప్పుడు ఆమె ముఖం తప్ప ఏమీ లేదు.

"ఆరిపాయనా?" మంచం మీద కూర్చుని బొరుగులు తింటున్న అత్త లక్ష్మీనరసమ్మ అడిగింది. "లేమ్మే ఇంక. పొద్దు పోయిండేది దానికైనా తెలుస్తాది. నీకు తెల్దు."

పుష్పావతి ఏమీ కనపడని తెర వైపే చూస్తూ కంట్రోలు, ఎస్ నొక్కింది. గుడ్డిగా సేవ్ చేయడం ఈ మూడు నెలల్లో నేర్చుకున్న విద్య. రెండుసార్లు అదీ మోసం చేసింది. పాత ఫైలు మీద రాయాలా వద్దా అని కంప్యూటరు ఏదో అడిగి ఉంటుంది. ఆమెకు కనపడక ఎంటర్ కొట్టింది. అది వద్దనుకుంది. రెండుసార్లూ ఆ పూట పని మొత్తం పోయింది.

లేచి గోడ దగ్గరికి పోయి స్విచ్చు ఆపింది. టీవీకి, కంప్యూటరుకి ఒకటే బోర్డు, రెండూ ఒకేసారి చచ్చాయి. ఆరిన టీవీని వెంటనే వేయకూడదని, అరగంట కరెంటు తీసేసి చల్లబడనివ్వాలని, లేకుంటే ప్యానెల్ కాలిపోతుందని ఆమె భర్త శశికుమార్ చెప్పాడు. శశికుమార్ ధర్మవరంలో టీవీలు, ఫ్రిజ్జులు అమ్మే షాపులో పద్దెనిమిదేళ్ళుగా సేల్స్‌మన్. టీవీ గురించి అతను ఏం చెప్పినా ఆ ఇంట్లో కాదనేవాళ్ళు లేరు. అరగంట చల్లబడేసరికి ఆరున్నర. ఆరున్నరకు అత్త సీరియళ్ళు మొదలవుతాయి. అవి అయ్యేసరికి శశికుమార్ షాపు నుంచి వస్తాడు, వార్తలు పెడతాడు. కాబట్టి ఆరు గంటలకు టీవీ ఆరిందంటే ఆ రోజుకు ఆమె పని ముగిసినట్టే. ఆమె పని అంటే డబ్బులొచ్చే పని. డబ్బులు రాని పని అప్పుడే మొదలవుతుంది.

ఆమె పట్టుచీరలకు డిజైన్లు గీస్తుంది. కంప్యూటర్లో గళ్ళ కాగితం లాంటిది తెరుచుకుంటుంది. ఒక్కో గడి ఒక్కో పోగు. ఏ పోగు పైకి లేవాలో ఏది కింద ఉండాలో గడి గడికీ చెప్పాలి. ఒక్క గడి తప్పితే ఆ తప్పు మగ్గం మీదికెక్కి ప్రతి చీరలోనూ అచ్చు పడుతుంది. పన్నెండు మగ్గాలున్న బయ్యన్న ఆరేళ్ళుగా ఆమెతోనే గీయిస్తున్నాడు. అట్లని ఆమెకు పేరేమీ రాలేదు. బయ్యన్న ఫోన్‌లో ఆమె నంబరు 'టీవీ శశి ఇల్లు' అని ఉంటుంది. ఒకసారి షెడ్డుకు పోయినప్పుడు ఆమె కళ్ళారా చూసింది. చూసి, నవ్వి, డిజైన్ ఇచ్చి వచ్చింది. ఆ రోజు ఎందుకు నవ్విందో ఇప్పటికీ ఆమెకు అర్థం కాదు.

ఆ బుధవారం మధ్యాహ్నమే బయ్యన్న ఫోన్ చేశాడు.

"అమ్మా పుష్పా, ఏనుగుల కొంగు యాడికొచ్చిండాది?"

"ఎనిమిదో ఏనుగు కాడుండానన్నా. టీవీ సతాయిస్తాండాది."

"నువ్వు టీవీ అంటావు, నేను ఆర్డరిచ్చిన పార్టీకి ఏం చెప్పల్ల? మూడు మగ్గాలు ఉత్తగా పెట్టుకుని కూచున్నా. నేసేవాళ్ళు రోజూ వచ్చి నా మొగం చూసి పోతాండారు. ఇట్ల లేటయ్యేది ఇది మూడోసారి. శుక్రవారం సాయంత్రానికి పెన్‌డ్రైవు నా చేతికి రావల్ల. రాకపోతే హిందూపురంలో ఇంకొకరుండారు, ఇదే కాదు, అన్నీ వాళ్ళకే ఇచ్చేస్తా. తప్పుగా అనుకోవద్దు."

తప్పుగా అనుకోలేదు. ఆయన మగ్గాలు ఆయనవి. కానీ ఆరేళ్ళ పని ఒక నల్లని తెర వెనక పడి పోతుందంటే ఆమె ఒప్పుకోలేకపోయింది.

నిరుడు ఆమె మానిటరు చెడిపోయినప్పుడు ఇదంతా మొదలైంది. కొత్తది కొంటానంటే శశికుమార్ నవ్వాడు. "ఇంట్లో ఇంత పెద్ద టీవీ పెట్టుకుని మళ్ళా మానిటరా? బయ్యన్న కాడ కూడా ఇంతది ల్యాదు. ఒక్క కేబులు తగిలిస్తే సరిపాయ." అది షాపులో ఏడాదిపాటు ఆడించి చూపించి, పాతబడ్డాక అతనికి చవగ్గా ఇచ్చిన టీవీ. కేబులు తగిలించారు. హాల్లో, వీధి తలుపుకు ఎదురుగా, వచ్చేపోయే వాళ్ళందరూ చూసే చోట ఆమె ఆఫీసు తయారైంది. పాల కోసం వచ్చినామె, గ్యాస్ బండ తెచ్చినతను, అత్తను చూడ్డానికి వచ్చే ముసలాళ్ళు, అందరూ ఒకే మాట. "ఏమ్మా, పట్టపగలే టీవీ ముందర కూచున్నావే?" పని చేస్తున్నానని చెప్పి చెప్పి విసిగి, మానేసింది.

ఆ టీవీకి బొమ్మను నాలుగు వైపులా బొటనవేలంత మింగే గుణముంది. తెర అంచుల్లో ఉండే గుర్తులు కనపడవు. కింద ఉండే పట్టీ కనపడదు. ఆమె కంప్యూటర్లో ఎంత కుస్తీ పట్టినా పోలేదు. పోనీలే, డిజైన్ మధ్యలోనే కదా ఉండేదని అలవాటు పడిపోయింది. ఆడవాళ్ళకు అలవాటు పడిపోవడం ఎవరూ నేర్పక్కర్లేదు.

మూడు నెలల కింద టీవీ ఆరిపోవడం మొదలుపెట్టింది. "వోల్టేజీ," అన్నాడు శశికుమార్, చూడకుండానే. "సాయంత్రం అందరూ లైట్లు, మోటార్లు వేస్తారు కదా. కరెంటు పడిపోతాది. టీవీ తనని తాను కాపాడుకునేదానికి ఆఫ్ అయితాది." ఆదివారం ఎందుకు ఆరదని ఆమె ఒకసారి అడిగింది. "ఆదివారం లోడు తక్కువ," అన్నాడు. చదువుకున్నవాడి మాటలా అనిపించింది. ఆ ఊళ్ళో ఎవరింట్లో ఏది చెడినా, బల్బు మాడినా మిక్సీ కాలినా వోల్టేజీ అనే అంటారు. ఆమె నమ్మింది. స్టెబిలైజరు పెడితే సరిపోతుందా అని అడిగితే ఒక నిమిషం ఆలోచించి, పెట్టి చూడమన్నాడు. ఆమె డిజైన్ డబ్బులతోనే, అతని షాపులోనే, అతనే బిల్లు రాసి ఇచ్చాడు.

స్టెబిలైజరు మీద వచ్చే వోల్టేజీ ఎంతో ఎర్ర అంకెల్లో వెలుగుతుంది. టీవీ ఆరిన క్షణాన ఆమె చూసింది. రెండువందల ఇరవై ఎనిమిది. మరుసటి రోజూ అంతే. కరెంటు పడనే లేదు. శశికుమార్‌కు చెబితే, "పైకి కనపడదు, లోపల ఊగుతాంటాది," అన్నాడు. కేబులు మార్చింది. మారలేదు. వేడెక్కుతోందేమోనని టేబుల్ ఫ్యాను తెచ్చి టీవీ వెనక పెట్టింది, తను చెమటలు కారుస్తూ కూర్చుంది. మారలేదు. కంప్యూటరుదే తప్పేమోనని అందులో తెర ఆర్పే ఏర్పాట్లన్నీ తీసేసింది. ఆమె స్టూలెక్కి గోడకు చెంప ఆనించి టీవీ వెనక తీగలు వెతుకుతుంటే శశికుమార్ చాప మీద కూర్చుని అన్నం తింటూ చూసేవాడు. "జాగ్రత్తే, పడతావు," అనేవాడు. ఎంత ప్రేమగా అనేవాడో.

గురువారం ఆమె మూడింటికి కూర్చుంది. మూడింటికి ముందు ఎప్పుడూ కుదరలేదు. పొద్దున్నే కసువు ఊడ్చి, రెండు రోజులకోసారి వచ్చే కొళాయి నీళ్ళు డ్రమ్ములకు పట్టి, బొరుగుల ఉగ్గాని చేసి, అతనికి బాక్సు కట్టి, అత్తకు నీళ్ళు కాచి, గుడ్డలు పిండి, మధ్యాహ్నం వండి, బోకులు తోమేసరికి మూడు. మూడు నుంచి ఆరు. అంతే ఆమెది. ఆ రోజు ఏనుగుల జోలికి పోకుండా ముందు రిమోట్ తీసుకుంది. కంప్యూటరు సరిగ్గానే ఉంది, కేబులు సరిగ్గానే ఉంది, కరెంటు సరిగ్గానే ఉంది. మిగిలింది టీవీ ఒక్కటే. దాని సెట్టింగుల్లోకి పోయింది. ఆ టీవీ కొన్నప్పటి నుంచీ అవి శశికుమార్ తప్ప ఎవరూ ముట్టలేదు. "అవి కెలికితే మొత్తం పోతాది" అని అతను ముందే చెప్పిపెట్టాడు.

బొమ్మకు సంబంధించిన చోట స్క్రీన్ ఫిట్ అని కనపడింది. నొక్కింది. టీవీ ఏడాదిగా మింగిన నాలుగు అంచులూ ఒక్కసారిగా బయటికొచ్చాయి. కింద పట్టీ వచ్చింది. కుడి చేతి మూలలో గడియారం వచ్చింది. ఇంత చిన్న పని. ఎవరినైనా అడిగి ఉంటే ఒక్క నిమిషంలో చెప్పేవాళ్ళు. అడిగింది కూడా, టీవీల షాపులో పద్దెనిమిదేళ్ళు పనిచేసిన మనిషినే అడిగింది. "ఆ మోడలు అంతే," అన్నాడు.

ఆ సంతోషంలో ఎనిమిదో ఏనుగు ముగించి తొమ్మిదోదాని కాళ్ళలోకి వచ్చింది. మధ్యమధ్యలో మూలనున్న గడియారం కేసి చూసింది. అయిదు యాభై ఎనిమిది. యాభై తొమ్మిది. ఆరు. ఆరు పడిన వెంటనే తెర ఆరిపోయింది.

పుష్పావతి కదలలేదు. కరెంటు ఇంత కచ్చితంగా గడియారం చూసుకుని పడుతుందా? గడియారం చూసుకునేది మనిషి.

ఈసారి ఆమె బోర్డు దగ్గరికి పోలేదు. రిమోట్ నొక్కింది. రెండు క్షణాల్లో టీవీ వెలిగింది. ఏదీ కాలలేదు. తొమ్మిదో ఏనుగు ఉన్నచోటే ఉంది. మళ్ళీ సెట్టింగుల్లోకి పోయి ఒక్కొక్క గదీ తెరుస్తూ వచ్చింది. టైమర్ అని ఉంది. అందులో ఆఫ్ టైమ్. ఆరు గంటలు. దాని కింద రిపీట్. సోమవారం నుంచి శనివారం వరకు.

"ఏమ్మే, వెంటనే వేసినావే? కాలిపోతే?" అంది అత్త.

"కాల్లేదత్తా."

ఆమె కంప్యూటరు కట్టేసి వంటింట్లోకి పోయింది. సంగటి కెలకడం మొదలుపెట్టింది. మూడు నెలలు. ఒకరోజు కోపంలో పెట్టి మరిచిపోయింది కాదు ఇది. వారంలో ఏ రోజు కావాలో ఏ రోజు వద్దో ఎంచి మరీ పెట్టాడు. ఆదివారం అతనికి క్రికెట్ కావాలి కాబట్టి ఆదివారం వద్దన్నాడు. పెట్టి, వోల్టేజీ అన్నాడు. స్టెబిలైజరు అమ్మాడు. స్టూలెక్కిన పెండ్లానికి పడతావని జాగ్రత్తలు చెప్పాడు. ఆమె కంటి ముందు రిమోట్ లాక్కుని ఆపి ఉంటే ఆమె అరిచేది, అతనూ అరిచేవాడు, అది మొగుడూ పెళ్ళాల కొట్లాట అయ్యేది. ఇది అది కూడా కాదు. కోళ్ళ గూటికి పొద్దుపోయే వేళ తడిక వేస్తారే, అట్లాంటిది. కోడితో ఎవరు మాట్లాడతారు?

అక్కడితో ఆగలేదు ఆలోచన. పెళ్ళైన కొత్తలో డిజైన్లు నేర్పే సెంటరులో టీచరు పని కోసం పరీక్ష రాసి వచ్చింది. శశికుమార్ నంబరు ఇచ్చింది, అప్పుడు ఆమెకు ఫోన్ లేదు. "ఫోన్ రాలేదు పుష్పా, వేరేవాళ్ళను తీసుకున్నారేమో," అన్నాడు. స్కూటీ నేర్చుకున్న నెలలోనే దాని బ్రేకు పాడైందని మెకానిక్‌కు ఇచ్చాడు, అది తిరిగి రాలేదు. కళ్యాణదుర్గంలో ఉన్న చెల్లెలి ఇంటికి పోవాలనుకున్నప్పుడల్లా అత్తకు కళ్ళు తిరిగేవి. ఇవన్నీ వాటంతట అవే జరిగాయని, తన రాత అంతేనని పదహారేళ్ళుగా అనుకుంది. ఏది నిజంగా చెడింది, ఏది చెడగొట్టింది? స్కూటీని ఇప్పుడు విప్పి చూసే వీల్లేదు. ఆ సెంటరే లేదు. సంగటి అడుగంటింది. ఆ రాత్రి అందరికీ అదే పెట్టింది.

శుక్రవారం పొద్దున శశికుమార్ ఉగ్గాని తింటుంటే ఎదురుగా వచ్చి నిలబడింది.

"టీవీలో టైమరుండాది."

"ఏం టైమరు?"

"ఆరు గంటలకు ఆఫ్ అయ్యేది. సోమవారం నుంచి శనివారం దాకా."

అతను మిరపకాయ పక్కకు తీసి పెట్టాడు. "షాపులో ఆడించిన పీసు కదా. ఆడ పెట్టిండేదేమో."

"మీ షాపు మూసేది ఎనిమిదిన్నరకు. అయినా ఇంటికొచ్చి సంవత్సరాలయ్యె. మూడు నెల్లుగానే ఏంటికి ఆరిపోతాండాది?"

అతను నవ్వాడు, షాపులో ఎవరైనా బేరమాడితే నవ్వే నవ్వు.

"పెట్టినాలే. ఏమైందిప్పుడు?"

"వోల్టేజీ అంటివి."

"నోటితో చెప్తే ఇంటావా నువ్వు? దీపం పెట్టే టైములో కోడలు గళ్ళు నింపుకుంటాదని అమ్మ రోజూ నాకు ఫోన్ చేస్తాండె. నేనొచ్చి నీతో కొట్లాడల్లనా? ఏ గలాటా లేకుండా అయిపోయేదారి చూసినా. ఇంకొకడైతే కేబులు తెంపి పారేసింటాడు."

"నా దుడ్లతో స్టెబిలైజరు కొనిపిస్తివే."

"కొంటానని నువ్వే అంటివి. ఉండనీ, ఫ్రిజ్జుకు పనికొస్తాది."

"నేను స్టూలెక్కి తీగలు పీకి పెట్టుకుంటాంటే చూస్తా కూచుంటివి."

"చూడు పుష్పా," గ్లాసు ఎత్తి నీళ్ళు తాగాడు. "ఏ ఆఫీసులోనైనా ఆరుకు వదిలేస్తారు. అదేపనిగా తెర చూస్తే కండ్లు పోతాయి. నీ మంచికే."

మంచం మీది నుంచి లక్ష్మీనరసమ్మ కలగజేసుకుంది. "వాడేం తాగొచ్చి కొట్టినాడా తిట్టినాడా? ఎంత నెమ్మదిగా చేసినాడు."

పుష్పావతి అత్త వైపు తిరిగింది. "నీకు తెలుసా అత్తా?"

"టీవీ మా ఇంటిది. నాకు తెల్దా?"

పుష్పావతి పదహారేళ్ళు ఊడ్చిన ఇంటి మధ్యలో నిలబడి ఆ మాట వింది. శశికుమార్ చేయి కడుక్కుని, చొక్కా గుండీలు పెట్టుకుంటూ, గెలిచినవాడు చూపించే దయ చూపించాడు. "రాత్రికి వచ్చి తీసేస్తాలే. మొగం అట్ల పెట్టొద్దు."

"తీయొద్దు. ఉండనీ."

"అద్దీ," అన్నాడు. "తెలివిగల్లదానివి." బండి తీసి వెళ్ళిపోయాడు. బాక్సు తీసుకుపోలేదు, ఎందుకంటే ఆమె కట్టలేదు. అది అతను గమనించింది షాపుకు పోయాకే అయి ఉంటుంది.

తొమ్మిదయింది. పుష్పావతి ముఖం కడుక్కుని, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, టీవీ వేసి, కంప్యూటరు వేసి కూర్చుంది.

"ఇదేందే, ఇప్పుడా?" అత్త లేచి కూర్చుంది. "నీళ్ళు కాయలేదు. గుడ్డలట్లే ఉండాయి. ఈ పొద్దు కొళాయి వచ్చే రోజు."

"ఆఫీసులు ఆరుకు వదిలేస్తారనె కదా నీ కొడుకు. తొమ్మిదికి తెరుస్తారు కూడా."

తొమ్మిదో ఏనుగు కాళ్ళు, పొట్ట, దంతం. పదకొండింటికి కొళాయి వచ్చింది. వీధిలో బిందెల చప్పుడు, ఎవరో ఎవరినో వరస తప్పావని తిట్టడం వినపడింది. ఆమె కాళ్ళు అలవాటుగా లేవబోయాయి. కాళ్ళను ఆపడం ఆమెకు అన్నిటికంటే కష్టమైంది. నీళ్ళు పోతే రెండు రోజులు ఆమె కూడా నీళ్ళు లేకుండా ఉండాలి. తెలుసు. గడి నింపింది, ఇంకో గడి నింపింది. చివరికి లక్ష్మీనరసమ్మే మోకాళ్ళు పట్టుకుని తిట్టుకుంటూ పోయి డ్రమ్ములో పైపు వేసింది. ఆమె మోకాళ్ళు పైపు వేయగలవని ఆ ఇంట్లో ఇన్నేళ్ళకు తెలిసింది.

"శశీ, నీ పెండ్లాము పొద్దున్నించీ లేస్తాలేదు," అని ముసలామె ఫోన్‌లో చెప్పడం వినపడింది. తర్వాత పుష్పావతి ఫోన్ మోగింది. పేరు చూసి బోర్లా పెట్టింది. మళ్ళీ మోగింది. మోగనిచ్చింది. ఒంటిగంటకు లేచి, రాత్రి మిగిలిన సంగటి రెండు ముద్దలు చేసి, ఊరిబిండి పచ్చడి వేసి ఒకటి అత్త ముందు పెట్టి ఒకటి తను తిని, చేయి కడుక్కుని మళ్ళీ కూర్చుంది. ఎన్నడూ ఇంత పొడుగు పగలు ఆమె చేతికి రాలేదు. పగలంటే ఇంత ఉంటుందా అనిపించింది. మూడింటికి పదో ఏనుగు. అయిదింటికి పదకొండోది, ఆఖరిది. ఒక్కో గడిని మళ్ళీ వెనక్కి పోయి చూసుకుంది. రెండు తప్పులు దొరికాయి, దిద్దింది.

అయిదున్నరకు బయ్యన్న ఫోన్ చేశాడు. "ఏమ్మా, హిందూపురం వాళ్ళకు చెప్పేదా?"

"వద్దన్నా. నేనే తెస్తాండా. ఇంకోటి, నా నంబరు నీ ఫోన్‌లో నా పేరుతో పెట్టుకో."

"అట్లేలేమ్మా," అన్నాడు బయ్యన్న, అర్థం కాకపోయినా.

ఫైలు పెన్‌డ్రైవులోకి ఎక్కించి, ఎక్కిందో లేదో తెరిచి చూసి, కంప్యూటరు కట్టేసింది. ఆరు గంటలకు టీవీ ఆరిపోయేసరికి ఆమె గడప దగ్గర చెప్పులు వేసుకుంటోంది. ఇల్లు ఊడ్వలేదు. దీపం పెట్టలేదు. వంటింట్లో పొద్దుటి బోకులు అట్లే ఉన్నాయి.

"ఈ పూట ఎవురు వండుతారే?" లక్ష్మీనరసమ్మ వెనక నుంచి అడిగింది. ఈసారి ఆ గొంతులో తిట్టు లేదు, నిజంగానే అడుగుతోంది.

"ఆరైంది కదత్తా," అంది పుష్పావతి.